కాస్త ఆగమనే ఉప్పు

లెక్క ప్రకారమైతే సముద్రం ఎప్పుడో విరిగిపోయి ఉండాలి. లీటరు నీళ్లలో 400 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంది. దానితో కలవడానికి కార్బొనేట్ సిద్ధంగా ఉంది. వెచ్చటి సముద్రాల పైపొర నీళ్లలో ఈ రెండూ ఉండదగిన దానికంటే కొన్ని రెట్లు ఎక్కువే కరిగి ఉన్నాయి. రెండూ కలిశాయంటే సున్నపురాయి. నీళ్లన్నీ తెల్లబడి అడుగున సుద్ద పేరుకోవాలి. విశాఖలో గానీ మచిలీపట్నంలో గానీ అలా జరిగిందని ఎవరూ చెప్పగా వినలేదు.

జరగకపోవడానికి ముఖ్య కారణం అదే లీటరులో ఉన్న సుమారు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం. సముద్రంలో సోడియం తర్వాత ఎక్కువగా ఉన్న లోహం ఇదే. కాల్షియానికి మూడింతలు ఉన్నా దాని ఊసు ఎవరూ ఎత్తరు. కాల్షియానికి పేరుంది, అది పగడం ఎముకలోకి వెళ్తుంది. మెగ్నీషియం పెద్దగా కట్టేదేమీ లేదు, కట్టేవాళ్లకి అడ్డుపడటమే దాని ఉద్యోగం. సున్నపురాయి ఓ రవ్వగా మొదలయ్యీ కాకుండానే వెళ్లి దాని ముఖం మీద కూర్చుంటుంది. తన చుట్టూ ఉన్న నీటి అణువుల్ని ఓ పట్టాన వదలని గుణం దానిది. ఆ చోటికి మరో కాల్షియం వచ్చి కుదురుగా చేరలేదు, రవ్వ పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. అది చాలదన్నట్టు నీళ్లలోని కార్బొనేట్‌లో పెద్ద వాటాని తనతోనే జతకట్టి తిప్పుకుంటుంది. ప్రతి పెళ్లి సంబంధంలోనూ ఒక మేనమామ ఉంటాడు. పిల్లకి పిల్లాడు నచ్చాడు, ఇచ్చిపుచ్చుకోవడాలు కుదిరాయి, ఇక ముహూర్తమే తరువాయి అనుకునేసరికి "తొందరేముందండీ, జాతకాలు ఇంకోసారి చూపిద్దాం" అంటాడు. సముద్రానికి మెగ్నీషియం అలాంటి మేనమామ. ఆయన పుణ్యమా అని కాల్షియమూ కార్బొనేటూ ఎదురెదురుగా తిరుగుతూ కూడా విడివిడిగానే ఉంటాయి. పగడం తన ఒంట్లో, తనకు కావలసిన చోట, తనకు నచ్చిన వేగంతో వాటిని కలుపుకుంటుంది. ఆ అడ్డే లేకపోతే పగడానికి మిగిలేది తక్కువ.

నాకు ఈయనతో పరిచయం డాలస్ శివారులో, మా ముందుగదిలోని రీఫ్ ట్యాంకు వల్ల అయింది. వంద గేలన్ల ఉప్పునీళ్లు, అంటే దాదాపు 380 లీటర్లు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు మొదట చేపలు లెక్కపెట్టి "ఇంత తొట్టెకి ఇవేనా?" అంటారు. తర్వాత రాళ్లకేసి చూసి అవి మొక్కలా అంటారు. పగడాలని చెప్పగానే ఒకరిద్దరి చూపు వాళ్ల ఉంగరం మీదికి వెళ్తుంది. కుజదోషానికి పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి. చిత్రమేమంటే దాని ఒంట్లోని కాల్సైట్ అనే రకం సున్నపురాయిలో మెగ్నీషియం దండిగా కలిసి ఉంటుంది. మా ట్యాంకులోవి దిబ్బలు కట్టే రాతి పగడాలు. వాటి ఎముక అరగొనైట్ అనే మరో రకం సున్నపురాయి, అందులో మెగ్నీషియానికి చోటు బహు తక్కువ. ఈ ట్యాంకే హైదరాబాద్‌లో ఉంటే పెట్టుకునేవాణ్ణి కాదు. మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి ఉన్న చోటే ఉన్నాయి. ఇక్కడ పెంచేవాళ్లు ఒకరి ట్యాంకులో పెరిగిన కొమ్మని తుంచి మరొకరికి ఇచ్చుకుంటారు. నా దగ్గరున్నవన్నీ అలా చేతులు మారినవే.

మెగ్నీషియం తగ్గిన సంగతి ముందుగా తెలిసేది హీటరుకి. పంచదార వేడినీళ్లలో తొందరగా కరుగుతుందని మనకు తెలుసు. సున్నపురాయిది దీనికి తలకిందుల వ్యవహారం, వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకని అడ్డు తగ్గగానే మొదటి పొర హీటరు గాజు మీద, ఆ తర్వాత పంపు లోపలి చక్రం మీద పడుతుంది. తెల్లటి పెచ్చు, గోటితో గీకితే రాదు, వెనిగర్‌లో నానబెడితే బుసబుసమని పొంగి పోతుంది. ఈలోగా యజమాని అవస్థ వర్ణనాతీతం. కాల్షియం 380కి దిగిందని కాల్షియం క్లోరైడు పోస్తాడు. మర్నాటికి అంకె కదలదు, నీళ్లలో కార్బొనేట్ నిల్వని చూపే ఆల్కలినిటీ మాత్రం పడిపోతుంది. దానికోసం సోడా పోస్తే కాల్షియం పడిపోతుంది. పోసిందంతా పోయి హీటరుకి అంటుకుంటోందని తెలియక, ముందు టెస్ట్ కిట్‌ని, తర్వాత ఉప్పు కంపెనీని, చివరికి ఉప్పు అమ్మిన దుకాణాన్ని తిడతాడు. ఈ దశ దాటని వాళ్లు మా సర్కిల్లో ఎవరూ లేరు. ఎవరైనా పాతకాపు వచ్చి "మెగ్నీషియం చూశావా?" అని అడిగేదాకా ఇంతే. చూస్తే 1100.

మరి ఆ మెగ్నీషియం ఎక్కడికి పోయింది? పగడాలు తినేది కాసింతే. అసలు తిండిపోతు వేరే ఉంది. రాళ్ల మీద గులాబి రంగు చలువసున్నం వేసినట్టు అల్లుకునే కొరలైన్ నాచు. ట్యాంకు ఆరోగ్యానికి గుర్తని అందరూ మురిసిపోయే ఆ గులాబి పూత, మెగ్నీషియం కలిసిన కాల్సైట్‌తోనే గోడలు కట్టుకుంటుంది. దానికి తోడు కాల్షియం సరఫరా చేసే పద్ధతులు కొన్ని మెగ్నీషియాన్ని లెక్కలోకే తీసుకోవు. పాతవాళ్లకి ఇష్టమైనది సున్నపు తేట. తమలపాకుకి రాసే సున్నాన్నే మంచినీళ్లలో కలిపి, తేరిన తేటని చుక్కచుక్కగా ట్యాంకులోకి వదలడం. పీటర్ విల్కెన్స్ అనే ఆయన దీన్ని ఆక్వేరియం లోకంలో ప్రచారంలోకి తెచ్చాడు. చవక, నమ్మకం, నాకూ ఇష్టం. సున్నంలో కాస్తో కూస్తో మెగ్నీషియం ఉన్నా అంతటి క్షారంలో అది కరగక మడ్డిలోనే ఉండిపోతుంది, తేటతో రాదు. అందుకే సున్నపు తేట మీద నడిచే ట్యాంకుల్లో నెలలు గడిచేకొద్దీ మెగ్నీషియం చడీచప్పుడు లేకుండా జారుతుంది.

దాన్ని కొలిచే పద్ధతి మన ఇంజినీరింగ్ చదువులు వెలగబెట్టిన వాళ్లకి పాత చుట్టమే. చిన్న గాజు సీసాలో కాసిని ట్యాంకు నీళ్లు, కొన్ని చుక్కల బఫరు, చిటికెడు పొడి. నీళ్లు ఎర్రబారుతాయి. సిరంజితో చుక్క వదలడం, సీసా తిప్పడం, మళ్లీ చుక్క. ఎరుపు కాస్తా ఊదా అవుతుంది, ఊదా నీలం కావాలి. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో నీటి కాఠిన్యం కొలిచే ప్రయోగమే ఇది, ఈడీటీఏ, ఎరియోక్రోమ్ బ్లాక్-టి, ముక్కుపుటాలు అదిరిపోయే అమోనియా బఫరు. రెండు రీడింగులు ఒకటే రావాలని మేష్టారు అనడం, మూడోసారి చేసే ఓపిక లేక పక్కబల్ల వాడి రికార్డు చూసి రాయడం ఏ కాలేజీలోనైనా ఒకటే సంప్రదాయం. అప్పుడు మార్కులు పోయేవి, ఇప్పుడు పగడాలు. అందుకని శ్రద్ధ పెరిగింది గానీ కంటి చూపు పెరగలేదు. ఊదాకీ నీలానికీ మధ్య ఒక్క చుక్క తేడా, ఆ చుక్క విలువ సుమారు 30 పీపీఎం. ట్యాంకు నీలి దీపం పక్కన చూస్తే ఇంకా ఊదాయే, వంటింట్లో ట్యూబులైటు కింద ఎప్పుడో నీలమైపోయింది. మా ఆవిడ ఒక రంగు చెబుతుంది, అబ్బాయి ఇంకోటి చెబుతాడు. కాబట్టి ఎవరైనా తమ ట్యాంకులో మెగ్నీషియం సరిగ్గా 1347 ఉందంటే ఆ మర్యాదస్తుణ్ణి ఎదిరించను, నమ్మను కూడా.

అంకె తక్కువగా కనిపించగానే మెగ్నీషియం సీసా మూత తీయడం మంచిది కాదు. మొదట సెలినిటీ చూసుకోవాలి. చాలాసార్లు మెగ్నీషియం ఎటూ పోదు, నీళ్లే పల్చబడి ఉంటాయి. సముద్రంలో ఉప్పు మొత్తం పెరిగినా తగ్గినా, దానిలోని ముఖ్యమైన లవణాల వాటాలు ఒకదానితో ఒకటి పోల్చితే మారవు. చాలెంజర్ అనే ఓడ 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు తిరిగి పట్టుకొచ్చిన నీళ్లలో 77 నమూనాల్ని విలియం డిట్‌మార్ అనే రసాయన శాస్త్రవేత్త విశ్లేషించి 1884లో ఈ మాట ఖాయం చేశాడు. ఆ ఓపిక తల్చుకుంటే మా సిరంజిలూ సీసాలూ ఆటబొమ్మలనిపిస్తాయి. లీటరుకి 35 గ్రాముల ఉప్పున్న నీళ్లలో మెగ్నీషియం 1300 ఉంటే, 31 గ్రాములున్న నీళ్లలో 1150 ఉండటం న్యాయమే. అక్కడ లోపం ఉప్పుది. మెగ్నీషియం ఒక్కటే పోసి సరిచేస్తే ఆ తర్వాత ఉప్పు సరిచేసిన రోజున అది మితిమీరుతుంది.

మితిమీరినా కొంపలు మునిగేదేమీ లేదు. 1250 నుంచి 1400 దాకా ఎక్కడున్నా పగడాలు పట్టించుకోవు. ఆల్కలినిటీ అలా కాదు, ఒక్క రాత్రిలో రెండు పాయింట్లు ఎగిరితే కొమ్మల చివర్లు తెల్లబడతాయి. ఈ హాబీలో భయపడాల్సిన అంకె అదీ, రోజూ చూడాల్సిందీ అదే. మెగ్నీషియాన్ని నెలకోసారి పలకరిస్తే చాలు. కానీ దుకాణాల్లో దానికీ రోజువారీ సీసాలున్నాయి, అందంగా ముద్రించిన చార్టులున్నాయి. చాలా సీసాల్లో ఉండేది నీళ్లలో కరిగించిన మెగ్నీషియం క్లోరైడు, కాసింత ఎప్సమ్ ఉప్పు. అదే క్లోరైడుని అమెరికాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి జల్లుతారు. ఒకప్పుడు ఆ బస్తాలే తెచ్చుకుని ట్యాంకుల్లో వాడిన మహానుభావులున్నారు. రాండీ హోమ్స్-ఫార్లీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇంట్లోనే కలుపుకునే పాళ్లు రాసి అందరికీ అందుబాటులో పెట్టాడు. ఆయన రాసినవి చదివాక సీసా ధర చూస్తే నవ్వొస్తుంది. బ్రయాప్సిస్ అనే మొండి నాచు పట్టినప్పుడు మాత్రం కొందరు కావాలనే మెగ్నీషియాన్ని 1600 దాటిస్తారు. ఫలానా కంపెనీ సీసాతో చేస్తేనే నాచు చస్తుందని, వేరేదానితో చావదని వాళ్ల అనుభవం. అలాగైతే చంపింది మెగ్నీషియమా, ఆ సీసాలో ఉన్న మరేదైనా మలినమా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

రోడ్డు మీద జల్లే ఆ క్లోరైడే మన వంటింట్లోనూ ఉండేది. వానాకాలం రాగానే కళ్లుప్పు జాడీ చెమ్మగిల్లి అడుగున నీరు చేరేది. శుద్ధమైన ఉప్పు అంత తొందరగా చెమ్మగిల్లదు, గాలిలో తేమని లాగేది అందులో మిగిలిపోయిన మెగ్నీషియం క్లోరైడు. నౌపడలోనో చినగంజాంలోనో మడుల్లో ఉప్పు గట్టిపడ్డాక మిగిలే చేదు నీళ్లు దాదాపుగా ఇదే. ఉప్పు కొఠార్ల వాళ్లు దాన్ని వదిలించుకోవాలని చూస్తారు, నేను డబ్బిచ్చి కొంటాను. టెక్సస్‌లోనే, మాకు దక్షిణాన ఫ్రీపోర్ట్ అనే ఊళ్లో డౌ కంపెనీ 1941లో సముద్రపు నీళ్లలోంచి నేరుగా మెగ్నీషియం లోహం తీసింది. విమానాలకి తేలికపాటి లోహం కావలసిన కాలం. గల్ఫ్ తీరంలో తవ్విన ఆయిస్టరు చిప్పల్ని కాల్చి సున్నం చేసి, ఆ సున్నాన్ని సముద్రపు నీళ్లలో కలిపితే మెగ్నీషియం ముద్దలా అడుగున దిగేది. చిప్పలకి ఎముకిచ్చిన కాల్షియంతోనే, దానికి జీవితమంతా అడ్డుపడ్డ మెగ్నీషియాన్ని బయటికి లాగారన్నమాట.

ఈ అడ్డు సముద్రానికి అన్ని యుగాల్లోనూ ఇంత బలంగా లేదు. ఇవాళ కాల్షియం పరమాణువు ఒక్కటుంటే మెగ్నీషియం పరమాణువులు ఐదు పైనే ఉన్నాయి. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ కాలంలో అది ఒకటి రెండుకి పడిపోయింది. సముద్రగర్భంలో కొండల వరసలు చురుగ్గా పగిలి కొత్త నేల పుడుతున్న రోజులవి. పగుళ్లలోకి దిగిన నీళ్లలోని మెగ్నీషియాన్ని వేడి రాయి మింగి, బదులుగా కాల్షియాన్ని వదిలేది. ఇప్పటికీ వదులుతుంది. 1977లో గలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడి ఊటల్ని కళ్లారా చూశాక, ఆ ఊటనీళ్లలో మెగ్నీషియం దాదాపు సున్నా అని తేలింది. అడ్డు పల్చబడ్డ ఆ కాలంలో సున్నం గవ్వలు కట్టే సూక్ష్మజీవులు ఎంతగా పెరిగాయంటే, వాటి పెంకులు పేరుకుని కొండలయ్యాయి. ఇంగ్లండులో డోవర్ తెల్ల కొండలు అవే. డాలస్ నగరం కింద ఉన్న తెల్ల సుద్దరాయి కూడా ఆ కాలానిదే, ఊళ్లో వైట్ రాక్ అనే చెరువుకి పేరు దాని వల్లే వచ్చింది. నేను మెగ్నీషియం కొలుచుకుంటూ కూర్చున్న ఊరు, మెగ్నీషియం కరువైన సముద్రం అడుగున ఉండేదన్నమాట.

అప్పటి నీళ్లలో ఇప్పటి పగడాల్ని పెడితే ఏమవుతుంది? జస్టిన్ రీస్, స్టీవెన్ స్టాన్లీ, లారెన్స్ హార్డీ ఈ పని చేసి 2006లో ఫలితం ప్రకటించారు. మెగ్నీషియం తగ్గించి, కాల్షియం పెంచి కలిపిన కృత్రిమ క్రెటేషియస్ సముద్రంలో పెంచిన పగడాలు మామూలుగా కట్టే అరగొనైట్‌తో పాటు కాల్సైట్ కూడా కట్టడం మొదలెట్టాయి, పెరుగుదల మందగించింది. కాల్షియం సమృద్ధిగా ఉన్న నీళ్లలో! కాల్షియం పోసేకొద్దీ పగడం పెరుగుతుందని నమ్మి సీసాలు ఖాళీ చేసేవాళ్లకి ఈ ప్రయోగం గురించి చెప్పి చూశాను. విన్నారు, కొత్త సీసా తెరిచారు.

నా గొడవ అర్థం చేసుకునే మనిషి ఒక్కరే, ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్న మా పెద్దక్క భర్త. వరి నుంచి చేపలకి, చేపల నుంచి టైగరు రొయ్యకి, 2009 తర్వాత వనామీకి మారిన మనిషి. ఆయన చెరువులకి బోరు నీళ్లే ఆధారం, ఉప్పు లీటరుకి ఐదు గ్రాములు ఉంటే గొప్ప. వనామీకి అంత తక్కువ ఉప్పైనా పర్వాలేదు గానీ లవణాల వాటాలు కుదరాలి. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం 1:3:1లో ఉండాలని ఆక్వా రైతులందరికీ కంఠతా. డిట్‌మార్ పేరు వాళ్లెవరూ విని ఉండరు, కానీ ఆ పాళ్లు అచ్చంగా సముద్రానివే. బోరు నీళ్లలో కాల్షియం పుష్కలం, మిగతా రెండూ కరువు. రొయ్య పాత పెంకు విడిచాక కొత్తది గట్టిపడదు, లూజ్ షెల్. వల వేసి పైకి లాగితే తోక వంకర పోయి, ఒంట్లో కండ తెల్లబడుతుంది. కొనేవాడు సాఫ్ట్ అని పక్కన పడేస్తాడు. అమెరికాలో అలబామా రైతులకీ ఇదే బాధ వస్తే, ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్ వంటివాళ్లు పొటాష్, మెగ్నీషియం ఎరువులు చెరువులో వేయించి దారి చూపారు. మన దగ్గర అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు ఎక్కువగా పెంకు విడుస్తాయని లెక్క, బస్తాలు ఆ తిథుల్ని చూసుకుని దిగుతాయి.

మొన్న బావగారు ఫోన్ చేశారు. "బావా, ల్యాబు రిపోర్టులో మెగ్నీషియం 110 అన్నాడు. ఎకరానికి రెండు బస్తాలు కొట్టమంటున్నాడు. నువ్వు ఆ గాజు తొట్టెలో చేసేదీ ఇదేగా, సరిపోద్దా?"

"బస్తా ఎంత బావగారూ?"

"పాతిక కేజీలు. క్లోరైడు."

"అందులో మెగ్నీషియం పన్నెండు శాతమేనండి. సగానికి పైగా నీళ్లే, స్ఫటికంలో ఇరుక్కుని ఉంటాయి. యాభై కేజీలు వేస్తే మీకు దక్కేది ఆరు కేజీలు. ఎకరం, మీటరు లోతంటే నాలుగు వేల ఘనపు మీటర్లు. 110 ఉన్నది 111న్నర అవుద్ది."

కాసేపు ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"పది పెరగాలంటే?"

"మూడు వందల ముప్పై కేజీల పైన. పదమూడు, పద్నాలుగు బస్తాలు."

"ఎకరానికి?"

"ఎకరానికే. మీ ఉప్పుకి అసలు ఉండాల్సింది 190 దగ్గర."

"పక్క చెరువాయన నాలుగేశాడు, కౌంటు బాగుందంటున్నాడు మరి."

"ఆయన మేత బాగా చూసుకుంటాడేమో బావగారూ."

"సరేలే," అన్నారు. "ఎల్లుండి అమావాస్య. ముందీ రెండూ కొట్టేసి, ఆనక నీ లెక్క చూద్దాం."